బొటనవేలి కబురు

మే నెల మధ్యాహ్నం చంద్రపూర్‌లోని తుకుం వీధుల్లో మనిషి జాడ ఉండదు. ఎండ 45 డిగ్రీలు దాటాక తెలుగిళ్లూ మరాఠీ ఇళ్లూ ఒకేలా తలుపులు మూసుకుని, కూలర్లలో నీళ్లు పోసుకుని సాయంత్రం కోసం ఎదురుచూస్తాయి. అంత వేడిలోనూ మన నరాలు పనిచేస్తూనే ఉంటాయి. కానీ 30 డిగ్రీలకే కుప్పకూలే ఈగ ఒకటుంది.

దాని పేరు షిబిరె. జపనీస్‌లో ఆ మాటకు తిమ్మిరి అని అర్థం. ముగ్గిన అరటిపండు చుట్టూ తిరిగే చిన్న ఈగల్లో ఇదొకటి. వేడి తగిలితే పడిపోతుంది, చల్లబరిస్తే లేచి ఎగురుతుంది. లోపం ఒక్క జన్యువులోనే. ఆ జన్యువు చేసే ప్రోటీన్ డైనమిన్. కణం పైపొర లోపలికి గుంటపడి సంచీ అయ్యేటప్పుడు, ఆ సంచీ మెడకు చుట్టుకుని తెంపేది అదే. వేడికి ఆ కత్తెర ఆగిపోగానే సంచులు పొరకే వేలాడిపోతాయి, ఈగ కదల్లేదు. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్‌లో కె.ఎస్. కృష్ణన్ ఇలాంటి ఈగల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ కత్తెరకు ఇంధనం ఎక్కడి నుంచి అందుతుందో వెతికిన పరిశోధన 2001లో వెలువడింది.

మన నాడీకణం బతకాలన్నా ఈ కత్తెర ఆడాలి.

వెన్నుపాము పక్కన ఉండే, నొప్పిని పట్టే నాడీకణం నుంచి కాలి బొటనవేలి దాకా సాగే పోగు పెద్దవాళ్లలో సుమారు ఒక మీటరు పొడవుంటుంది. తల్లి కడుపులో నరాలు అల్లుకునే రోజుల్లో ఆ కణం నిలవాలో రాలిపోవాలో తేల్చే కబురు వేలి చర్మం నుంచే రావాలి. చర్మం వదిలే ఆ పదార్థమే నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్. ముస్సోలినీ జాతి చట్టాలు యూదులను విశ్వవిద్యాలయాల నుంచి వెళ్లగొడితే, రీటా లెవి-మోంటాల్చిని ట్యూరిన్‌లో తన పడకగదినే ప్రయోగశాల చేసుకుని కోడిపిండాల నరాలు చూశారు. 1950లలో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఈ పదార్థం ఆమెకు పట్టుబడింది. దాన్ని శుద్ధి చేసిన స్టాన్లీ కోహెన్‌తో కలిసి 1986లో నోబెల్ అందుకున్నారు.

పోగు చివర ఈ పదార్థాన్ని అందుకునే గ్రాహకం పేరు ట్రాక్-ఏ. రెండూ పెనవేసుకుని సంచీలోకి దిగుతాయి; ఆ సంచీని పొర నుంచి తెంపేది డైనమిన్ కత్తెరే. డైనీన్ అనే మోటారు ప్రోటీన్ ఆ సంచీని లాక్కుపోతుంది. వేగం సెకనుకు సుమారు ఒక మైక్రోమీటరు. ఎక్కడా ఆగకపోయినా మీటరు దూరానికి పదకొండు రోజులు పైనే. బల్లార్షా మీదుగా రాత్రంతా వెళ్లే గూడ్సు బండి చివర గార్డు దీపంలా, గ్రాహకం దారి పొడుగునా వెలుగుతూనే ఉండాలి. ఆరిపోయిన గ్రాహకం కణకేంద్రానికి చేరినా అక్కడి జన్యువులకు చెప్పేదేమీ ఉండదు.

అయితే ఆ దీపాన్ని ఆర్పే ఏర్పాటూ కావాలి. నన్ను ఎక్కువగా కట్టిపడేసేది ఇదే. పని తీరిన గ్రాహకానికి కణం యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను చీటీలా అంటిస్తుంది. చీటీ పడితే కణంలోని అరుగుదల సంచీ అయిన లైసోసోముకు వెళ్లి అరిగిపోవడమే. చర్మకణాలను పెరగమనే ఈజీఎఫ్ అనే పదార్థమూ కోహెన్ ఆవిష్కరణే. దాని గ్రాహకాల్లో చాలాభాగం కొన్ని గంటల్లోనే అలా అరిగిపోతాయి. ఆలస్యమైతే ఎదుగుదల ఆగక క్యాన్సర్‌కు దారితీయవచ్చు. నాడీకణానికి ఆ తొందర పనికిరాదు. పదకొండు రోజుల ప్రయాణం మధ్యలో గ్రాహకం అరిగితే కబురే పోతుంది. సంచీని అరుగుదల దారి పట్టించే ప్రోటీన్లలో రాబ్-7 ముఖ్యమైనది. దాని జన్యువు చెడితే షార్కో-మేరీ-టూత్ వ్యాధిలో ఒక రకం వస్తుంది. పొడవైన నరాలు ముందు దెబ్బతింటాయి, పాదాలు మొద్దుబారతాయి, పుండ్లు మానవు. కొందరికి వేళ్లు తీసేయాల్సి వస్తుంది.

ట్రాక్-ఏ జన్యువు పుట్టుకతోనే పనిచేయని పిల్లలూ ఉన్నారు. 1996లో ఆ కారణం తేలింది. వాళ్లకు నొప్పి తెలియదు. నాలుక కొరుక్కున్నా, ఎముక విరిగినా ఏడవరు. చెమట గ్రంథులకు చేరాల్సిన నరాలు కూడా నిలవవు కాబట్టి చెమట పట్టదు. తుకుం లాంటి చోట ఈ మే మధ్యాహ్నం అలాంటి బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే, తల్లి తడిగుడ్డతో తుడుస్తూనే ఉండాలి.