వదులైతే పనికిరాని సూటు

బడులు తెరవబోయే ముందు దర్జీ కొట్టుకు వెళితే ప్రతి తల్లీ చెప్పే మాట ఒకటే: "కాస్త వదులుగా కుట్టవయ్యా, ఎదిగే పిల్లాడు!" దర్జీ తల ఊపి, లాగు అంచు రెండంగుళాలు లోపలికి మడిచి కుడతాడు. మరుసటి ఏడు ఆ మడత విప్పితే సరిపోతుంది. ఇది మంచి పొదుపే. కాని ఈ పొదుపు ఎంత మాత్రమూ పనికిరాని దుస్తు ఒకటి ఉన్నది. దాన్ని వదులుగా కొన్నవాడు చల్లని సముద్రంలో కొయ్యబారిపోతాడు. దాని పేరు వెట్‌సూట్, అంటే తడి సూటు.

అలల మీద పొడుగాటి పలక వేసి, దాని మీద నిలబడి ఒడ్డుకు జారుతూ వచ్చే ఆటను సర్ఫింగ్ అంటారు. హవాయి దీవుల వాళ్ళు దీన్ని పూర్వం నుంచీ ఆడుతున్నారు. అక్కడి నీరు వెచ్చన కనక వాళ్ళకు ఏ సూటూ అవసరం లేకపోయింది. ఆ ఆట అమెరికాలోని కాలిఫోర్నియా తీరానికి వచ్చేసరికి చిక్కు వచ్చిపడింది. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర సముద్రపు నీరు చాలాభాగం 10 నుంచి 15 డిగ్రీల సెంటీగ్రేడు మధ్యనే ఉంటుంది. ఉత్తరాన్నుంచి చల్లని ప్రవాహం ఒకటి ఆ తీరం వెంట దిగివస్తుంది. అది చాలనట్టు, గాలులు పైనీటిని సముద్రంలోకి తోసివేసినప్పుడు అడుగు నుంచి మరింత చల్లని నీరు పైకి వస్తుంది.

"15 డిగ్రీలు ఏమంత చలి? సంక్రాంతికి తెల్లవారుజామున మా ఊళ్ళోనూ అంతేగా!" అని మీరు అడగవచ్చు. కాని గాలి వేరు, నీరు వేరు. నీరు ఒంటిలోని వేడిని గాలికంటె సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. మన శరీరం లోపల 37 డిగ్రీల వేడి ఉండాలి. అది 35కు దిగిందంటే ప్రమాదం మొదలైనట్టే. ముందుగా వేళ్ళు మొద్దుబారతాయి. తరువాత చేతులు నీటిని తోయలేవు. ఆ తరువాత బుద్ధి కూడా మందగిస్తుంది. ఒడ్డు కంటికి కనిపిస్తూనే ఉంటుంది, చేరే శక్తి మాత్రం ఉండదు.

మొదట్లో కాలిఫోర్నియా ఆటగాళ్ళు కొందరు ఉన్ని స్వెట్టర్లు వేసుకుని నీళ్ళలోకి దిగేవారు. స్వెట్టరు తడిసి బరువెక్కేదే కాని చలి తీరేది కాదు. 1951 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పని చేసే హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు, నీటి అడుగున ఈదే నౌకాదళం వారి కోసం ఇదే సమస్యను పట్టించుకున్నాడు. అంతకుముందు అందరూ సూటులోకి నీరు చొరకుండా చూడాలని తంటాలు పడేవారు. ఒళ్ళు పొడిగా ఉండనక్కరలేదనీ, వెచ్చగా ఉంటే చాలుననీ బ్రాడ్నర్ గ్రహించాడు.

ఇందుకు నియోప్రీన్ పనికివచ్చింది. ఇది 1930లో డ్యుపాంట్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞులు కనిపెట్టిన కృత్రిమ రబ్బరు. పొంగించిన నియోప్రీన్‌ను కోసి చూస్తే ఇడ్లీలో లాగా లెక్కలేనన్ని చిన్న చిన్న గుల్లలు కనిపిస్తాయి. అయితే ఇడ్లీ సాంబారును పీల్చుకుంటుంది. నియోప్రీన్ గుల్లలు ఒకదానితో ఒకటి కలవవు కనక వాటిలోకి నీరు చొరదు. లోపల చిక్కిన వాయువు వేడిని బయటికి పోనివ్వదు.

1952లో జాక్ ఓనీల్ శాన్‌ఫ్రాన్సిస్కోలో సర్ఫింగ్ సామాన్ల దుకాణం తెరిచి, తరువాత ఇలాంటి సూట్లు చేసి అమ్మాడు. కొనేవాళ్ళకు నమ్మకం కలగాలని తన పిల్లలకే సూట్లు తొడిగి, మంచుగడ్డలు వేసిన నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టేవాడు! ఆ పిల్లలు ఏమనుకున్నారో కాని, సరుకు మాత్రం బాగా అమ్ముడుపోయింది.

సూటులోకి వచ్చిన నీటి పొర వెచ్చబడి మనిషిని కాపాడుతుందని చాలామంది చెబుతారు. అది సగం నిజమే. కాపాడేది రబ్బరులోని గుల్లలు. నీటి పొర చెయ్యవలసిందల్లా కదలకుండా ఉండటమే. సూటు వదులుగా ఉంటే అల వచ్చినప్పుడల్లా మెడ దగ్గర చన్నీళ్ళు చొరబడి, లోపల వెచ్చబడిన నీళ్ళను చీలమండల దగ్గర బయటికి తోసేస్తాయి. ఒళ్ళు మళ్ళీ మొదటి నుంచి వేడి చెయ్యాలి. చిల్లికుండను పొయ్యి మీద పెట్టి నీళ్ళు కాచటం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

కనక సూటును ఎంచేటప్పుడు మందం కంటె ముందు కొలత చూడాలి. వేసుకున్నాక నడుము వెనక పల్లంలోనూ, చంకల్లోనూ, మోకాళ్ళ వెనకా సంచిలాగా వేలాడకూడదు. మెడపట్టీ చర్మానికి అంటుకుని ఉండాలి. అలా అని ఊపిరాడనంత బిగుతు కూడా మంచిది కాదు. చేతులు తిమ్మిరెక్కితే ఈదేదెట్లా? రెండు చేతులూ పైకెత్తి చూడాలి, గొంతుకు కూర్చుని చూడాలి. భుజాలు లాగకపోతే కొలత కుదిరినట్టే. కొత్త సూటు పొడిగా ఉన్నప్పుడు తొడగటం పెద్ద కుస్తీ. కాలికి పల్చని ప్లాస్టిక్ సంచీ తొడుక్కుని దూరిస్తే సులువుగా జారుతుంది.

ఆ తరువాతే మందం. సూటు మీద 3/2 అని ఉంటే ఛాతీ దగ్గర 3 మిల్లీమీటర్లు, కాళ్ళూ చేతుల దగ్గర 2 మిల్లీమీటర్లు అని అర్థం. నీరు 18 డిగ్రీల ప్రాంతంలో ఉంటే ఈ సూటు చాలు. 14 డిగ్రీలైతే 4/3 కావాలి. 10 డిగ్రీలకు దిగితే 5/4తో పాటు కాళ్ళకు జోళ్ళూ, తలకు కుళ్ళాయీ ఉండాలి. గాలి బలంగా వీచే రోజున ఒక మెట్టు మందం ఎక్కువే మేలు. నార్వేలో ధ్రువవలయానికి లోపల ఉన్‌స్టాడ్ అనే చోట మంచు పడుతూ ఉండగా కూడా ఈ ఆట ఆడతారు. వాళ్ళ సూటు 6 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, చేతులకు తొడుగులు కూడా తప్పవు.

మన విశాఖపట్నం సముద్రమో? చలికాలంలో కూడా నీరు 25 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. రుషికొండ దగ్గర పలక మీద అలలెక్కే వాళ్ళకు వెట్‌సూట్ కంటె ఎండ తగలకుండా పల్చని చొక్కా ముఖ్యం. అదే కాలిఫోర్నియాలో ఉండే తెలుగు పిల్లలకైతే సూటు తప్పదు.

అన్న సూటు తమ్ముడికి ఇవ్వవచ్చునా అంటే, కొలత కుదిరితే ఇవ్వవచ్చు. వాడిన ప్రతిసారీ మంచినీళ్ళలో జాడించి, నీడలో ఆరవేసినదైతే చాలా ఏళ్ళు మెత్తగానే ఉంటుంది. ఎండలో ఎండినది గట్టిపడి, కుట్ల దగ్గర పగులుతుంది. వేళ్ళతో లాగి వదిలితే సాగి మళ్ళీ దగ్గరకు రావాలి, రాకపోతే తమ్ముడికి కొత్తది కొనవలసిందే.