సిగ్నల్ అందని దారిలో లారీ
హైదరాబాదు నుండి శ్రీశైలం మీదుగా దోర్నాల వెళ్లే లారీకి నల్లమల అడవిలో చాలా దూరం సిగ్నల్ అందదు. ఇంటి దగ్గర ఇల్లాలు వాట్సాప్‌లో ఒక్క టిక్కునే చూస్తూ తల్లడిల్లుతుంది. సందేశం ఆయన ఫోనుకు ఇంకా చేరలేదనే దాని అర్థం. ప్రమాదం జరిగిందనీ కాదు, ఆయన పట్టించుకోలేదనీ కాదు.

కనుక డ్రైవరు సోదరులు అడవిలోకి ప్రవేశించకముందే మన్ననూరులో ఆగి, మళ్లీ ఎప్పుడు మాట్లాడగలరో ఇంటికి తెలియజేయాలి. మ్యాపును ముందే ఫోనులో దింపుకుంటే నెట్ లేకున్నా జీపీఎస్ దారి చూపుతుంది. దాని సంకేతాలు ఉపగ్రహాల నుండి అందుతాయి. (ముందున్న ట్రాఫిక్ సంగతి మాత్రం తెలియదు.)

సిగ్నల్ తిరిగి అందగానే ఫోను వరుసగా మోగుతుంది. అప్పుడూ చేతులు స్టీరింగు మీదే ఉండాలి. పిల్లల వీడియో కాల్‌కు మనసు ఎంత లాగినా, లారీ ఆపిన తరువాతే మాట్లాడాలి. ఇంట్లోవారు కూడా అనుకున్న వేళ దాటగానే కంగారుపడక కొంత ఓపిక పట్టాలి. ఘాట్ మలుపుల్లో బరువు లారీ నెమ్మదిగానే ఎక్కుతుంది.