బొడ్డుతాడులోని జిగురు

సిద్దిపేటలో మా బంధువుల కోడలికి ఏడవ నెల నిండగానే ఒక ప్రైవేటు సంస్థ ప్రతినిధి ఇంటికి వచ్చాడు. బిడ్డ బొడ్డుతాడును తమవద్ద భద్రపరిస్తే రేపు ఏ జబ్బుకైనా అదే మందవుతుందని చెప్పాడు. దాదీ ఆశ్చర్యపోయి, "బేటా, మనం మాయతోపాటు మట్టిలో పూడ్చేదానికి ఇంత ధరా?" అని నన్ను అడిగారు.

ఆమె ప్రశ్న సమంజసమైనదే. బొడ్డుతాడు సుమారు 50 సెంటీమీటర్ల పొడవుంటుంది. అందులోని రెండు ధమనులను, ఒక సిరను తెల్లని జిగురు పదార్థం చుట్టి ఉంటుంది. 1656లో ఆంగ్ల వైద్యుడు థామస్ వార్టన్ దీనిని వర్ణించాడు. అందుకే దానికి వార్టన్ జెల్లీ అని పేరు. ఇది పిండదశకు చెందిన సంయోజక కణజాలం. నీటిని పట్టి ఉంచే హైలురోనిక్ ఆమ్లం ఇందులో సమృద్ధిగా ఉంటుంది. కనుక గర్భంలో బిడ్డ ఎంత పొర్లినా, తాడు మెలిపడినా రక్తనాళాలు తేలికగా నొక్కుకుపోవు. ప్రసవానంతరం బయటి చల్లదనానికి ఇదే కుంచించుకుని ఆ నాళాలు మూసుకోవడానికి తోడ్పడుతుంది. సృష్టికర్త ఏర్పాటు ఎంత సూక్ష్మమో!

ఈ జిగురులో మీసెంకైమల్ మూలకణాలున్నాయి. ప్రయోగశాలలో అవి ఎముక, మృదులాస్థి, కొవ్వు కణాలుగా మారగలవు. పిండాన్ని నాశనం చేయకుండానే లభిస్తాయి గనుక ధర్మపరమైన చిక్కూ లేదు. 2003లో మక్కాలో సమావేశమైన ఇస్లామీ ఫిఖ్‌హ్ మండలి బొడ్డుతాడు మూలకణాల వినియోగాన్ని అనుమతించింది.

అయితే ప్రతినిధులు రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తారు. చికిత్సలో నిలదొక్కుకున్నది బొడ్డుతాడు రక్తం, జిగురు కాదు. 1988లో పారిస్‌లో తొలిసారి ఆ రక్తాన్ని ఎక్కించిన బాలునికి అది అతని చెల్లెలిది, అతని సొంతం కాదు. తలసీమియా వంటి వంశపారంపర్య వ్యాధిలో బిడ్డ సొంత రక్తంలోనూ అదే లోపం ఉంటుంది మరి.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు బొడ్డుతాడు రక్తాన్ని తప్ప, తాడు కణజాలం వంటి ఇతర పదార్థాలను వ్యాపారరీత్యా నిల్వచేయడాన్ని అనుమతించలేదు. బిడ్డ సొంత అవసరానికని రక్తాన్ని దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని కూడా చెప్పాయి. పైగా, పుట్టిన వెంటనే తాడు బిగించకుండా కనీసం ఒక నిమిషం ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఆ నిమిషంలో బిడ్డకు చేరే రక్తం శిశువు హక్కు.

ఇంట్లో ఇప్పటికే తలసీమియాతో బాధపడే బిడ్డ ఉంటే మాత్రం, తోబుట్టువు రక్తం గురించి ప్రసవానికి ముందే వైద్యులను అడగాలి. ఆ ఇంట్లో అలాంటి బిడ్డ లేదు. దాదీ ప్రతినిధికి చాయ్ ఇచ్చి పంపేశారు.