ధాత కరువును ఎందుకు మరవకూడదు?



మియాపూర్‌లో మన చదువుల కేంద్రానికి వచ్చేవాళ్లలో చాలామంది పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లే. ఒకరోజు ఒక పిల్లాడు అన్నం పారబోశాడు. "ధాత కరువులో పుట్టుంటే తెలిసేదిరా నీకు!" అంది కర్నూలు అవ్వ. అందరూ అడిగారు: "ధాత కరువంటే ఏంటి అవ్వా?"

మన తెలుగు సంవత్సరాలకు పేర్లున్నాయి కదా! 1876లో వచ్చింది ధాత సంవత్సరం. ఆ ఏడు వానలు పడలేదు. కర్నూలు, కడప, బళ్లారి సీమలు ఎండిపోయాయి. 1878 దాకా కరువు సాగింది. దక్షిణాదిన లక్షల మంది చనిపోయారు.

వానలు లేకపోవడం ఒక్కటే కారణమా? కాదు. ధరలు మండిపోయాయి. కొనడానికి జనం దగ్గర డబ్బు లేదు. మన జనం ఆకలితో ఉంటే, గింజలు ఓడలెక్కి పరదేశం పోయాయి. తెల్లదొరలు ఆపలేదు. కరువు పనికి పోయిన మగమనిషికి రోజుకు అరకిలో కూడా రాని గింజలు, ఒక అణా ఇచ్చారు. ఆడవాళ్లకు ఇంకా తక్కువ. చెన్నపట్నంలో బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం అలాంటి కూలీలు తవ్విందే. కాలువకు దొర పేరు పెట్టారు. తవ్వినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు.

ఇలాంటి కష్టం వేరే దేశాల్లోనూ వచ్చింది. ఉక్రెయిన్ అనే దేశం ఉంది. అక్కడ 1932, 1933లో సర్కారే రైతుల గింజలు లాక్కుపోయింది. ముప్పై లక్షల మందికి పైగా చనిపోయారు. ఆ మాట ఎత్తడానికి కూడా ఏళ్ల తరబడి జనం భయపడ్డారు. అయినా ఇళ్లలో గుర్తు పెట్టుకున్నారు. ఇప్పుడు ఏటా నవంబరు నెల నాలుగో శనివారం సాయంత్రం కిటికీలో దీపం పెడతారు. చాలా దేశాలు ఆ ఘోరాన్ని ఒప్పుకున్నాయి. 2022లో యూరప్ పార్లమెంటు కూడా అది జాతి హత్యే అని తీర్మానం చేసింది.

మన ధాత కరువుకు అలాంటి దీపం లేదు. అవ్వ నోటి మాటే దీపం.

గుర్తు పెట్టుకుంటే ఏం లాభం? కరువు ఎందుకొచ్చిందో తెలిస్తేనే, మళ్లీ రాకుండా ఏం అడగాలో తెలుస్తుంది. ధాత కరువు తర్వాత, కరువొస్తే సర్కారు ఏం చేయాలో నియమాలు రాశారు. 2013లో మన దేశంలో ఆహార భద్రత చట్టం వచ్చింది. కార్డున్న ఇంటికి రేషన్ గింజలు బిచ్చం కాదు, హక్కు.

అవ్వకు రాయడం రాదు. మీకు ఇప్పుడు వచ్చు. ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వాళ్లు చెప్పింది నాలుగు వాక్యాలైనా రాసి దాచండి.

చర్చించండి:
1. మీ ఊళ్లో ఏ కరువు గురించి చెప్పుకుంటారు?
2. అప్పుడు ఏం తిని బతికారు?