గీజర్ చుక్కలు కారుతోందా? ఆ దారి మాత్రం మూయొద్దు!

పోయిన డిసెంబర్ సంగతి. కూకట్‌పల్లిలో నేను అద్దెకుండే ఫ్లాట్‌లో పొద్దున్నే గీజర్ ఆన్ చేస్తే చాలు, కింద ఉన్న ఇత్తడి వాల్వ్ నుంచి టప్ టప్‌మని చుక్కలు మొదలయ్యేవి. మగ్గు పెడితే, నీళ్లు కాగేసరికి పావు వంతు నిండేది. ఆఫీసులో బగ్ కనిపిస్తే ఫిక్స్ చేసే అలవాటు కదా.. ఎం-సీల్ కొనుక్కొచ్చా. ఆ రోజే ఫ్లష్ ట్యాంక్ రిపేరుకి వచ్చిన ప్లంబర్ నా చేతిలో ప్యాకెట్ చూశాడు.

"అది బంద్ చేస్తే గీజర్ పేలుతది సార్. కుక్కర్ వెయిట్ మీద రాయి పెట్టినట్టే!" అన్నాడు. బీటెక్ చదివిన నాకు స్కూల్ ఫిజిక్స్ ఆయన గుర్తు చేశాడు.

ఎందుకు కారుతుంది?

నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. 15 లీటర్ల గీజర్‌లో నీళ్లు 25 నుంచి 75 డిగ్రీలకు చేరితే దాదాపు 340 మిల్లీలీటర్లు పెరుగుతాయి. వేడినీళ్లు వెనక్కి చల్లనీళ్ల పైపులోకి పోకుండా అడ్డు ఉంటుంది. కుళాయి కట్టేసి ఉంటుంది. ఇక ఆ పెరిగిన నీళ్లు ఎటు పోవాలి? ప్రెషర్ హద్దు దాటగానే సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని చుక్కలుగా వదిలేస్తుంది.

దాన్ని మూసేస్తే కాచిన ప్రతిసారీ ట్యాంక్ మీద ఒత్తిడి పడుతుంది. దానికి తోడు థర్మోస్టాట్, కటౌట్ రెండూ పాడైతే నీళ్లు 100 డిగ్రీలు దాటినా లోపలే బందీగా ఉంటాయి. ట్యాంక్ చీలితే వాటిలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఆవిరికి నీటికంటే 1,600 రెట్లకు పైగా చోటు కావాలి. అదే పేలుడు.

ఏది మామూలు, ఏది కాదు?

కాగేటప్పుడే కారి, తర్వాత ఆగిపోతే మామూలే. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా రోజంతా కారుతుంటే వాల్వ్‌లో చెత్త ఇరుక్కుని ఉండొచ్చు, వాల్వ్ అరిగి ఉండొచ్చు, లేదా పంపు ప్రెషర్ ఎక్కువై ఉండొచ్చు. మెకానిక్‌ని పిలవండి. సలసల కాగే నీళ్లో, ఆవిరో వస్తుంటే మాత్రం వెంటనే ఎంసీబీ దించేయండి. వాల్వ్ మార్చాల్సి వస్తే మీ గీజర్ కంపెనీ చెప్పిన ప్రెషర్ రేటింగ్‌దే వేయించండి.

చుక్కలు చికాకనిపిస్తే వాల్వ్‌కి చిన్న ట్యూబ్ తగిలించి బాత్రూమ్ జాలీ దాకా వదలండి. దాని చివర క్యాప్, కుళాయి ఏదీ ఉండకూడదు.

బోరు నీళ్లయితే ఏడాదికోసారి సర్వీసింగ్ తప్పనిసరి. ఎలిమెంట్‌కి తెల్లగా ఉప్పు పేరుకుంటే అది త్వరగా పాడవుతుంది. ట్యాంక్‌కి బదులు తాను తుప్పు పట్టే మెగ్నీషియం రాడ్ ఒకటి లోపల ఉంటుంది. అది కరిగిపోతే మార్పించండి.

అమెరికాలో ఉన్నారా?

అక్కడ చాలా ఇళ్లలో ఈ పెరిగిన నీళ్ల కోసం హీటర్ పక్కనే చిన్న ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ ఉంటుంది. లోపల రబ్బరు పొరకి ఒకవైపు గాలి, ఇంకోవైపు నీళ్లు. వేలితో తడితే గాలి వైపు డొల్లగా మోగాలి. గాలి వాల్వ్ పిన్ నొక్కితే నీళ్లు వస్తే పొర చిరిగినట్టే, ట్యాంక్ మార్చాలి. కొత్తది బిగించే ముందు, టైర్ గేజ్‌తో చూసి, దాని గాలి ప్రెషర్ ఇంటి నీటి ప్రెషర్‌తో సమానంగా సెట్ చేయాలి.

సంక్రాంతికి ఊరెళ్లగానే మా ఇంటి గీజర్ కింద చూశా. వాల్వ్‌కి ఎండ్ క్యాప్ బిగించేసి ఉంది! "చుక్కలు పడుతున్నాయని మెకానికే పెట్టాడు నాన్నా" అంది అమ్మ. గుండె ఝల్లుమంది. గీజర్ ఆఫ్ చేసి, చల్లారాక క్యాప్ తీయించి, కొత్త వాల్వ్ వేయించా. అయింది కొన్ని వందలే.

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీరూ ఒకమాట అడగండి: "అమ్మా, గీజర్ కింద వాల్వ్ తెరిచే ఉందా?"