అడవి మీద అధికారం కావాలంటే ఇంటర్ గ్రూపు దగ్గరే ఆలోచించాలి

పదో తరగతి ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే మన వాడల్లో ప్రతి ఇంట్లోనూ ఒక నిర్ణయం జరిగిపోతుంది. ఎంపీసీనా, బైపీసీనా, సీఈసీనా? సీటు ఎక్కడ దొరికితే అక్కడ, ఖర్చు ఎక్కడ తక్కువైతే అక్కడ పిల్లల్ని చేర్పించేస్తాం. ఇంజినీరింగ్, మెడిసిన్ దారులు ఆ రోజే తేలిపోతాయని అందరికీ తెలుసు. అడవి, నీరు, నేల గురించి నిర్ణయాలు తీసుకునే ఉద్యోగాల దారి కూడా చాలావరకు ఆ రోజే తేలిపోతుందని మాత్రం ఎక్కువమందికి తెలియదు. ఆ దారి ఎలా ఉంటుందో ఇక్కడ వివరించదలచుకున్నాం.

కూలి మనది, కుర్చీ వేరొకరిది

అడవి పనికి మనవాళ్లు కొత్త కాదు. తునికాకు కోసేవాళ్లలో, నర్సరీలో సంచులకు మట్టి నింపేవాళ్లలో, మొక్కలకు గుంతలు తీసేవాళ్లలో దళితులు, ఆదివాసీలు, బహుజనులే కనిపిస్తారు. నల్లమలలో చెంచులు బేస్ క్యాంపుల్లో వాచర్లుగా ఉంటూ పులుల అడవిని కాపాడుతున్నారు. కానీ ఎక్కడ ఏ చెట్టు నాటాలి, ఎవరి పశువులు ఎక్కడ మేయాలి, ఏది ఆక్రమణ, ఏది హక్కు అని కాగితం మీద రాసే చేతులు వేరు.

ఈ ఏర్పాటుకు చరిత్ర ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం 1864లో అటవీశాఖను పెట్టింది. 1878, 1927 చట్టాలతో అడవిని సర్కారు ఆస్తిగా మలిచి, అందులో బతికేవాళ్లను నేరస్తులను చేసింది. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చింది ఇలాంటి అటవీ ఆంక్షల మీద పోరాడే. 1927లోనే అంబేద్కర్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగి, ఊరి నీటి మీద అందరికీ హక్కుందని చాటారు. అక్కడితో ఆగలేదు. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కార్యవర్గ మండలిలో కార్మికశాఖ సభ్యుడిగా దామోదర్ లోయ పథకానికి దారి వేశారు. నేటి కేంద్ర జల సంఘానికి మూలమైన కమిషన్ 1945లో ఏర్పడింది కూడా ఆ కాలంలోనే. చెరువు కోసం పోరాడిన మనిషే దేశపు నీటి సంస్థలకు పునాది వేయడంలోనూ ఉన్నారు. మన పిల్లలకు చెప్పాల్సిన ఉదాహరణ ఇదే.

ఏ మెట్టుకు ఏ చదువు

అటవీశాఖలో కింది నుంచి చూస్తే బీట్ అధికారి, సెక్షన్ అధికారి, రేంజ్ అధికారి, ఆ పైన డివిజన్ లేదా జిల్లా అటవీ అధికారి ఉంటారు. బీట్ అధికారి ఉద్యోగానికి ఇంటర్ పాసైతే చాలు. సెక్షన్, రేంజ్ అధికారి ఉద్యోగాలకు నోటిఫికేషన్‌లో చెప్పిన సైన్స్ సబ్జెక్టులతో డిగ్రీ గానీ, ఇంజినీరింగ్ గానీ ఉండాలి. వీటిని తెలంగాణలో టీజీపీఎస్సీ, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీపీఎస్సీ భర్తీ చేస్తాయి.

అన్నిటికన్నా పై మెట్టు ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్. యూపీఎస్సీ పరీక్ష రాయాలి. 2013 నుంచి దీని ప్రిలిమ్స్, సివిల్స్ ప్రిలిమ్స్ ఒకటే. అయితే సివిల్స్‌కు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది, దీనికి సరిపోదు. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం, గణితం, గణాంకశాస్త్రం, భూగర్భశాస్త్రం, పశువైద్యం, వీటిలో కనీసం ఒకటి డిగ్రీలో ఉండాలి. లేదా వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్ డిగ్రీ ఉండాలి. ఇంటర్‌లో సీఈసీ, హెచ్‌ఈసీ చదివి చరిత్ర, రాజనీతి, కామర్స్‌తో డిగ్రీ చేసిన విద్యార్థి కలెక్టర్ కావచ్చు గానీ, అటవీ అధికారి పరీక్షకు దరఖాస్తు కూడా పెట్టలేరు. పదహారేళ్ల వయసులో ఎవరూ ఈ మాట చెప్పకపోతే ఇరవై రెండేళ్ల వయసులో చెప్పీ లాభం లేదు.

వయసు పరిమితి 21 నుంచి 32 ఏళ్లు. ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్ల సడలింపు ఉంది. ఆ వయసు దాటనంతవరకు ఎన్నిసార్లయినా రాయవచ్చు. ఎత్తు పురుషులకు 163 సెంటీమీటర్లు, మహిళలకు 150 ఉండాలి. ఎస్టీలకు ఇందులో సడలింపు ఉంది, ఎస్సీలకు లేదు. నడక పరీక్ష కూడా ఉంటుంది: నాలుగు గంటల్లో పురుషులు 25 కిలోమీటర్లు, మహిళలు 14 కిలోమీటర్లు నడవాలి. రాష్ట్ర ఉద్యోగాల్లో మహిళలకు ఇది 16 కిలోమీటర్లు. పొలానికి, బడికి నడిచి పెరిగిన పిల్లలకు ఇది భయపడాల్సిన పరీక్ష కాదు.

ఎక్కడ చదవాలి

తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులో 2016లో అటవీ కళాశాల, పరిశోధనా సంస్థ మొదలైంది. పేరు చూసి ములుగు జిల్లా అనుకోవద్దు, ఇది హైదరాబాద్‌కు దగ్గర్లోనే ఉంది. ఇక్కడ నాలుగేళ్ల బీఎస్సీ ఫారెస్ట్రీ ఉంది. సీట్లు ఈఏపీసెట్ ర్యాంకుతో ఇస్తారు. పై చదువులకు డెహ్రాడూన్‌లో అటవీ పరిశోధనా సంస్థ, వన్యప్రాణి సంస్థ ఉన్నాయి.

ఆర్ట్స్ తీసుకున్నవాళ్లకు అన్ని దారులూ మూసుకుపోలేదు. భోపాల్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారెస్ట్ మేనేజ్‌మెంట్ 1982 నుంచి నడుస్తోంది. అక్కడి మేనేజ్‌మెంట్ కోర్సుకు ఏ డిగ్రీ అయినా చాలు, క్యాట్ లాంటి పరీక్ష స్కోరు ఉండాలి. అది యూనిఫాం ఉద్యోగానికి దారి కాదు. అటవీ ఉత్పత్తుల సంస్థలు, వాటర్‌షెడ్ పథకాలు, స్వచ్ఛంద సంస్థల్లో పనికి దారి.

యూనిఫాం లేని పనులు

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆదివాసీలు కానివాళ్లు, అంటే అడవి అంచున బతికే దళితులు కూడా, 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడే నివసిస్తున్నామని రుజువు చూపాలి. భూమి కాగితమే లేని కుటుంబాలు 75 ఏళ్ల కాగితం ఎక్కడి నుంచి తెస్తాయి? ఇక్కడే మ్యాపు గీయగలిగిన, పాత రికార్డు చదవగలిగిన యువతీ యువకులు కావాలి. ఉపగ్రహ చిత్రంలో సాగు కనిపించలేదని దరఖాస్తు కొట్టేస్తే, ఆ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదని 2012 సవరణ నియమాల్లో ఉందని చూపించగలగాలి. దరఖాస్తుదారులు కాని పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే అదీ సాక్ష్యమేనని గుర్తుచేయాలి. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు తిరస్కృత దరఖాస్తుదారులను ఖాళీ చేయించమంది. అదే నెల 28న ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. ఆ రెండు వారాలూ దేశమంతటా లక్షల కుటుంబాల బతుకు అలాంటి కాగితాల మీదే వేలాడింది.

సాముదాయక హక్కు దక్కితే అడవి నిర్వహణ గ్రామసభ చేతికి వస్తుంది. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా మెండా లేఖా గ్రామం 2009లో ఆ హక్కు పొంది, 2011లో తన వెదురును తానే అమ్ముకోవడం మొదలుపెట్టింది. అలాంటి గ్రామసభకు ఎంత నరకాలో, ఎంత వదలాలో లెక్క వేసేవాళ్లు, ఖాతా రాసేవాళ్లు కావాలి. అదీ ఉద్యోగమే.

మనవాళ్లు ఆ ఖాకీ వేసుకోవాలా?

ఇది ఉద్యమంలో ఎదురయ్యే న్యాయమైన ప్రశ్న. పోడు దున్నుకునేవాళ్ల మీద కేసులు పెట్టే శాఖలో మన పిల్లలు చేరడమేమిటి? 2022 నవంబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు వివాదంలో ఒక రేంజ్ అధికారి హత్యకు గురయ్యారు. శాసనం తేల్చని గొడవ రెండు వైపులా మనుషుల మీద ఎలా పడుతుందో అది చూపించింది. ఒక దళిత అధికారి వచ్చినంత మాత్రాన 1927 చట్టం మారదు. ఆ మాట దాచక్కర్లేదు.

కానీ హక్కుల దరఖాస్తులు తేల్చే సబ్ డివిజన్, జిల్లా కమిటీల్లో అటవీ అధికారి సభ్యుడు. ముసలమ్మ చెప్పిన సాక్ష్యాన్ని చదవాలా, పక్కన పడేయాలా అన్నది ఆ కుర్చీలో ఎవరున్నారన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. ఆ కుర్చీని వదిలేస్తే ఉద్యమం బయటి నుంచే అడుగుతూ ఉండాలి. కుర్చీ ఒక్కటే చాలనుకుంటే ఉద్యమమే పోతుంది. రెండూ కావాలి.

అందుకని సంఘాలకు మా విన్నపం ఒక్కటే. ఫలితాల తర్వాత కాదు, తొమ్మిదో తరగతిలోనే గురుకులాలకు, హాస్టళ్లకు, ప్రభుత్వ బడులకు వెళ్లండి. ఏ గ్రూపు ఏ తలుపు తెరుస్తుందో, ఏది మూస్తుందో బోర్డు మీద రాసి చూపండి. సైన్స్ అంటే భయపడే ఆడపిల్లల పక్కన కూర్చుని లెక్కలు చెప్పేవాళ్లను వెతకండి. కుల ధ్రువపత్రం లేని పిల్లలకు దగ్గరుండి ఇప్పించండి. తర్వాత ఎంచుకోవడం ఆ పిల్లల ఇష్టం.