తప్పిన శృతి ఎవరిది?



క్రిస్మస్ దగ్గరపడగానే మన సంఘములలో పాటల అభ్యాసము మొదలవుతుంది. హార్మోనియం దుమ్ము దులుపుతాము, డోలక్ బిగిస్తాము. కొన్ని ఊళ్లలో పెండ్లి బ్యాండులో పనిచేసే మన యవనస్థులు ట్రంపెట్టో క్లారినెట్టో తీసుకొని వస్తారు. అటువంటి ఒక అభ్యాసములో మేము చేసిన పొరపాటును దాచకుండా ఇక్కడ చెప్పుచున్నాము. మరొక సంఘములో అది జరుగకూడదని మా ఆశ.

కొన్ని సంవత్సరముల క్రితము మా సంఘపు యవనస్థుడొకడు క్లారినెట్‌తో వచ్చాడు. బ్యాండు మాస్టరు దగ్గర పాశ్చాత్య స్వరలిపి చదవడము నేర్చుకొన్నవాడు. హార్మోనియం సహోదరుడు చూసి వాయించే పుస్తకమునే అతని ముందు కూడా పెట్టాము. పాట మొదలైంది. రెండు వాద్యములు పోట్లాడుకొన్నట్లు వినిపించాయి. మరల మొదలుపెట్టించాము. మరల అదే. ఓపిక నశించి, అందరి యెదుట, "నాయనా, ఇది పెండ్లి ఊరేగింపు కాదు, దేవుని మందిరము. నేర్చుకొని రా" అన్నాము. అతడు మారు మాటాడకుండా క్లారినెట్ విప్పి పెట్టెలో పెట్టుకొన్నాడు. ఆ క్రిస్మస్ ఆరాధనకు రాలేదు. తరువాతి ఆదివారములలోనూ రాలేదు.

జనవరిలో, సైన్యపు బ్యాండులో పనిచేసి విశ్రాంతి తీసుకొనుచున్న ఒక సంఘ పెద్ద మా ఇంటికి వచ్చారు. మాటల్లో ఈ సంగతి చెప్పాము. ఆయన నవ్వలేదు. "అయ్యగారూ, ఆ అబ్బాయి తప్పు వాయించలేదు. మీరిచ్చిన కాగితమే తప్పు" అన్నారు. హార్మోనియం ముందు కూర్చోబెట్టి మాకు పాఠము చెప్పారు.

హార్మోనియంలో 'సి' అని వ్రాసినది నొక్కితే 'సి' పలుకుతుంది. మనవారు దానిని ఒకటో శృతి అంటారు. పియానో, ఆర్గన్, వయొలిన్, పాశ్చాత్యుల ఫ్లూటు కూడా ఇంతే. వ్రాసినది వ్రాసినట్లే పలుకుతాయి. అయితే బ్యాండులో సాధారణముగా వాడే క్లారినెట్ 'బి ఫ్లాట్' వాద్యము. దానిపై 'సి' వాయిస్తే వినిపించేది హార్మోనియంలోని బి ఫ్లాట్, అనగా ఆరున్నర శృతి నల్లమెట్టు. నలుపు తెలుపు కలిపి లెక్కిస్తే సరిగ్గా రెండు మెట్లు క్రింద. బ్యాండు ట్రంపెట్టూ అంతే. ఆల్టో శాక్సఫోన్‌పై 'సి' వాయిస్తే ఈ ఫ్లాట్, ఫ్రెంచి హార్న్‌పై 'సి' వాయిస్తే ఎఫ్ వినిపిస్తాయి. వీటిని ట్రాన్స్‌పోజింగ్ వాద్యములు అంటారు. ఇది వాటి లోపము కాదు, వాటి స్వభావము.

ఈ పద్ధతి ఎందుకు వచ్చింది? పూర్వపు హార్న్‌లకు, ట్రంపెట్లకు వాల్వులు లేవు. పాట శృతి మారితే గొట్టపు ముక్క తీసి మరొక పొడవు గల ముక్క తగిలించేవారు. ఏ ముక్క తగిలించినా వాద్యకారుడు చదివే కాగితము మాత్రము 'సి'లోనే ఉండేది. 1818లో స్టోల్జెల్, బ్లూమెల్ అను ఇద్దరు బెర్లిన్‌లో వాల్వులకు పేటెంటు పొందారు. వాల్వులు వచ్చినా వ్రాసే అలవాటు నిలిచిపోయింది, ఎందుకనగా దానిలో మేలున్నది. 1878లో ఇంగ్లండులోని సాలిస్‌బరీలో చార్లెస్ ఫ్రై, ఆయన ముగ్గురు కుమారులు వీధి కూడికలలో వాయించడముతో సాల్వేషన్ ఆర్మీ బ్యాండులు ప్రారంభమయ్యాయి. అటువంటి ఇత్తడి బ్యాండులలో చిన్న కార్నెట్ మొదలుకొని పెద్ద ట్యూబా వరకు ఇంచుమించు అందరూ ఒకే విధముగా చదువుతారు, వ్రేళ్లు ఒకే విధముగా నొక్కుతారు. ఒకరు రాకపోతే మరొకరు ఆ వాద్యము అందుకోగలరు. మార్చి వ్రాసే శ్రమ కాగితము సిద్ధపరచేవానిది.

ఆ సాయంత్రమే ఆ పెద్దాయనను వెంటబెట్టుకొని యవనస్థుని ఇంటికి వెళ్లాము. తల్లి మంచము వాల్చింది. "బాబూ, మమ్మును క్షమించు. తప్పు మాది" అన్నాము. అతడు చాలాసేపు తల వంచుకొని, "నాకూ తెలియదండీ అయ్యగారూ. బ్యాండులో అందరికీ దేని కాగితము దానికే ఉంటుంది గనుక కలిసిపోయేది. ఇక్కడ ఎందుకు కలవలేదో నాకర్థము కాలేదు. నాకు రాదేమో అనుకొన్నాను" అన్నాడు. ఆ చివరి మాట మమ్మును ఇప్పటికీ గుచ్చుతుంది.

ఈస్టరు పాటలను పెద్దాయన ప్రతి స్వరము రెండు మెట్లు పైకి మార్చి వ్రాసియిచ్చారు. పునరుత్థాన ఆదివారము తెల్లవారుజామున హార్మోనియం, క్లారినెట్ ఒక్క గొంతుతో పలికాయి. అతని ఊపిరి అదే, వ్రేళ్లు అవే. మారినది కాగితము ఒక్కటే.

సంఘములలో పాటలు నడిపించేవారు ఇది గుర్తుంచుకోవలెను: హార్మోనియం 'సి'లో ఉంటే బి ఫ్లాట్ క్లారినెట్, ట్రంపెట్ 'డి'లో, ఆల్టో శాక్సఫోన్ 'ఎ'లో, ఎఫ్ హార్న్ 'జి'లో వాయించాలి. ఎలక్ట్రానిక్ కీబోర్డు ఉంటే దాని ట్రాన్స్‌పోజ్ మీట సున్నా మీద ఉన్నదో లేదో పాటకు ముందే చూసుకోండి.

కాపరులకు, తలిదండ్రులకు మరొక మాట. మన యింటికి వచ్చిన క్రొత్త కోడలు, పట్టణములో చదివి వచ్చిన కుమారుడు, వేరొక సంఘమునుండి వచ్చిన విశ్వాసి మనతో కలవడము లేదని తొందరపడి అంటాము. వారి 'సి' ఎక్కడ ఉన్నదో అడిగామా? 1 కొరింథీ 14:7, 8లో పౌలు, వాద్యముల ధ్వని స్పష్టముగా ఉండాలని చెప్పాడు. అదే పత్రిక 12వ అధ్యాయములో, శరీరములో ఒక అవయవము మరొక అవయవమును అక్కరలేదనకూడదని హెచ్చరించాడు. యాకోబు 1:19 ప్రకారము ముందు చెవి, తరువాత నోరు. ఆ రాత్రి మేము ఆ క్రమమును తిరగవేశాము.

మీ సంఘములో ఎవరైనా పెట్టె మూసుకొని వెళ్లిపోయి ఉంటే, ఈ వారమే వారి ఇంటికి వెళ్లండి. ప్రభువు మీకు తోడైయుండును గాక.